తూర్పు కిటికీ గది

బొబ్బిలి,
3 ఫిబ్రవరి 2025.

రత్నానికి మీ అప్ప డోర్కాస్ దీవెనలు.

ఇక్కడ దేవుని దయవల్ల అందరం బాగున్నాం, నా కుడి మోకాలు తప్ప. నువ్వు జూలీ ఫోనుకి రోజూ పంపే గులాబీ పువ్వులు, వాటి కింద గుడ్‌మార్నింగులు చూస్తున్నాను. ఇక ఆపు. చెవులు పనిచెయ్యక ఫోను వదిలేశాను గాని కళ్ళకేమీ రాలేదు. కాగితం మీద రెండు ముక్కలు రాస్తే చదువుకుంటాను.

అసలు సంగతి. జూలీకి మార్చి పదో తేదీన మీ కలకత్తాలో, భవానీపూర్‌లో ఇంటర్వ్యూ. చెవిటి పిల్లలకు చదువు చెప్పే టీచర్ల శిక్షణ. ఈ రెండేళ్ళూ నా చెవిలో అరిచి అరిచి దానికి ఆ చదువే చదవాలనిపించినట్టుంది. వాళ్ళమ్మ మేరీరాణికి ఆసుపత్రిలో సెలవు దొరకలేదు, నర్సు ఉద్యోగం సంగతి నీకు తెలిసిందే. అందుకని మనవరాలికి తోడుగా నేనే వస్తున్నాను. ఎవరికెవరు తోడో రైలెక్కాక తెలుస్తుంది.

మీ ఇంట్లో దిగుతామని కంగారుపడకు. రాబిన్‌ది చిన్న ఫ్లాటని, ఉన్నదాంట్లోనే కొడుకూ కోడలూ నీకొక గది ఇచ్చారని నువ్వే రాశావు. అందులో మేమిద్దరం దూరితే ఏం బాగుంటుంది. ఇంటర్వ్యూ జరిగేచోటికీ మెట్రోకీ దగ్గరగా, మన స్తోమతకు తగ్గ హోటలు చూసుకుంటాం. జూలీ ఫోనులో వెతికి తరుఛాయ లాడ్జి అని ఒకటి పట్టుకుంది. అద్దె పరవాలేదు. అందులో దిగినవాళ్ళు రాసినవన్నీ ఒక సాయంత్రం కూర్చుని నాకు కాగితం మీద ఎక్కించి ఇచ్చింది. ఒకరు నల్లులున్నాయంటారు, ఇంకొకరు పక్క మల్లెపువ్వులా ఉందంటారు. మెట్రో రెండు నిమిషాలని ఒకాయన, పావుగంటని ఒకావిడ. వాళ్ళిద్దరి మోకాళ్ళూ చూస్తేగాని ఎవరిది నిజమో చెప్పలేం. టీ అద్భుతమని ఒకరు రాస్తే, ఆ టీ తాగి కడుపునొప్పి వచ్చిందని కిందనే మరొకరు. ఒక మహానుభావుడు తానున్న మూడు రోజులూ వర్షం పడిందని ఒక్క నక్షత్రమే ఇచ్చాడు.

వీటి మధ్య ఒకటి తెలుగులో ఉంది. పేరు లేదు, ‘ఒక అతిథి’ అని ఉంది. “తూర్పు కిటికీ గది. పొద్దున్నే ఎండ మెల్లగా వచ్చి మంచం కాళ్ళ దగ్గర ఆగుతుంది. కిటికీ బయట తురాయి చెట్టు. తలుపు తట్టి లేపేవారుండరు. పెద్దవయసువారికి మెట్లెక్కే శ్రమ లేదు, లిఫ్టు కలదు.” ఒక్క తప్పు లేదు. ముప్పైనాలుగేళ్ళు మిషన్ స్కూల్లో తెలుగు చెప్పినదాన్ని, ఇంత శుభ్రమైన తెలుగు చూసి ఎన్నాళ్ళయిందో.

నువ్వొకసారి వెళ్ళి చూసి, ఉన్నదున్నట్టు రాయి.

మీ అప్ప,
డోర్కాస్.


సాల్ట్ లేక్, కలకత్తా,
12 ఫిబ్రవరి 2025.

ప్రియమైన అప్పకు తమ్ముడు జీవరత్నం అనేక వందనాలు.

నీ ఉత్తరం అందింది. జూలీ సంగతి తెలిసి చాలా సంతోషించాను. ఆదివారం ఆరాధనలో మన తెలుగు సంఘమంతా ఆ పిల్ల కోసం ప్రార్థన చేసింది. సంఘమంతా అంటే ఆ రోజు పందొమ్మిది మందిమి. కార్యదర్శిని కాబట్టి నివేదికలో మాత్రం ‘సుమారు పాతికమంది’ అని రాశాను.

హోటలు విషయం. అప్పా, ఆ తరుఛాయ వద్దు. ఫలానా లోటు ఉందని కాదు. ఫోనులో ఇలా రాసేవాళ్ళలో సగంమంది అసలు ఆ గడప తొక్కనే తొక్కరని రాబిన్ అంటాడు. తెలుగులో రాసినాయన కూడా ఏదో హుషారులో రాసి ఉండవచ్చు. తెలుగు అక్షరం కనబడగానే మనవాళ్ళకి నమ్మకం ఎక్కువ. సెక్టార్ ఫైవ్‌లో రాబిన్ ఆఫీసు పక్కన ఒక గెస్ట్‌హౌస్ ఉంది. గదులన్నీ కిందనే, మెట్ల బాధ లేదు. అక్కడినుంచి భవానీపూర్‌కి క్యాబులో ముప్పావుగంట. ట్రాఫిక్ ఉంటే గంటన్నర. ఇంటర్వ్యూ రోజు కొంచెం ముందుగా బయల్దేరితే సరిపోతుంది.

సొంత అప్పని హోటల్లో దిగమని రాయవలసి రావడం నాకెంత సిగ్గుగా ఉందో చెప్పలేను. నా గదిలోనే మీ ఇద్దరికీ పక్కలు వేసేవాణ్ణి. కాని రాబిన్ కూతురికి పదో తరగతి పరీక్షలు, ప్రస్తుతం అందులో అది చదువుకుంటోంది. కోడలు భాను మంచి పిల్ల, మీరొస్తే ఎంతమాత్రం కాదనదు. ఆదివారం మధ్యాహ్నం తప్పకుండా మా ఇంటికి భోజనానికి రావాలి. ఆవపిండి వేసి చేప వండుతానంది.

తరుఛాయ మాట మాత్రం మరిచిపో.

నీ తమ్ముడు,
జీవరత్నం.


బొబ్బిలి,
20 ఫిబ్రవరి 2025.

రత్నం,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వెళ్ళి చూశానని ఒక్క ముక్క లేదు. వద్దనడానికి కారణం లేదు. క్లాసులో ఇలాంటి జవాబు రాస్తే నేను సున్నా వేసేదాన్ని.

తరుఛాయలోనే గది తీసుకున్నాం, మార్చి ఎనిమిది నుంచి పదకొండు దాకా. భవానీపూర్‌లో ఇంటర్వ్యూ పెట్టుకుని ఊరికి ఆ చివర దిగమనే సలహా ఎక్కడా వినలేదని జూలీ నవ్వింది. నల్లుల మాట విని అది కూడా మొదట నసిగింది గాని నేనే పట్టుబట్టాను. ఆయనెవరో లిఫ్టు కలదని స్పష్టంగా రాశాడు. నా మోకాలికి అంతకన్నా ఏం కావాలి. అంత పొందిగ్గా తెలుగు రాసినవాడు మెట్ల దగ్గర అబద్ధమాడతాడా.

నాకు ఇంకో కారణం కూడా ఉంది. అది వచ్చాక చెబుతాను. రత్నం, నువ్వు నాతో చెప్పుకోవలసింది ఏమైనా ఉంటే ముందే చెప్పు. మొహమాటపడకు. ఎవరి దగ్గర దాచినా నా దగ్గర దాచకు, నేను నిన్ను ఏమీ అనను.

మీ బావ పోయి వచ్చే నెలకి మూడేళ్ళు నిండుతాయి. ఎనిమిదేళ్ళు మంచం మీదున్న మనిషి. ఇప్పటికీ మధ్యాహ్నం పన్నెండయితే మందు వెయ్యాలని లేచి నిలబడుతున్నాను. జ్ఞాపకార్థ కూటం ఇరవై రెండున పెట్టుకున్నాం. అప్పటికి మేం తిరిగొచ్చేస్తాం.

హౌరా స్టేషనుకి నువ్వు రా. నాకు ఆ ఊళ్ళో వినపడేది ఏమీ ఉండదు, కనిపించేదైనా తెలిసిన మొహం ఉండాలి.

మీ అప్ప,
డోర్కాస్.


సాల్ట్ లేక్,
4 మార్చి 2025.

అప్పా,

ఈ ఉత్తరం పది రోజులుగా రాస్తున్నాను. చింపి పారేసిన కాగితాలు చూసి భాను “ఏటి మావయ్యా, మళ్ళీ నివేదికా” అని అడిగింది. అవునన్నాను. అది కూడా అబద్ధమే.

నీకు తెలిసిపోయిందని నీ ఉత్తరం చూడగానే అర్థమైంది. ఇక దాచి లాభం లేదు. ఆ తెలుగు ముక్కలు రాసింది నేనే. నేను తరుఛాయలో ఒక్క రోజు కూడా ఉండలేదు. ఆ మెట్లు ఎక్కనేలేదు.

పోయిన క్రిస్మస్‌కి మా సంఘం హాలు పైకప్పు బాగుచేయిస్తున్నారు. తరుఛాయ మేనేజరు ఆశిష్ బాబు పెద్దమనసుతో కిందనున్న తన భోజనాల హాలు మాకు ఇచ్చాడు. అందరం తిని లేస్తుంటే నా దగ్గరికొచ్చి, “దాదా, మీ ఆంధ్రా నుంచి చాలామంది వస్తారు, మీ భాషలో నాలుగు మాటలు రాయండి” అన్నాడు. మా పిల్లలకి తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. ఎవరిదో ఫోను నా చేతిలో పెట్టి చుట్టూ నిలబడ్డారు. అప్పా, నా తెలుగు కావాలని ఎవరైనా అడిగి ఎన్నేళ్ళయిందో. సంఘం నివేదిక కూడా ఇప్పుడు ఇంగ్లీషులోకి మార్చి చదువుతున్నారు. ఒక్కొక్క వాక్యం రాసి పైకి చదువుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. లిఫ్టు పెట్టించబోతున్నామని ఆశిష్ బాబు అన్నాడు. నేను ‘కలదు’ అని రాశాను. వాక్యం అలా బాగుందనిపించింది.

ఆ నాలుగు మాటలు నమ్మి మోకాలి నొప్పితో వచ్చేది నా సొంత అప్ప అవుతుందని కలలో కూడా అనుకోలేదు. వేరెవరి అప్పయినా అదే కదా తప్పు, అది ఇప్పుడు తోస్తోంది. చెరిపెయ్యడానికి అది ఎవరి ఫోనులో రాశానో కూడా తెలియదు.

ఇది జూలీ ఫోనుకి పంపితే నిమిషంలో అందుతుంది. కాని ముందు చదివేది జూలీ. తాతయ్య అబద్ధాలకోరని ఆ పిల్ల చదివి, నీకు కాగితం మీద ఎక్కించి ఇవ్వడం ఊహించుకోలేకపోయాను. పిరికివాణ్ణి. స్పీడుపోస్టు మీరు బయల్దేరేలోగా అందుతుందని పోస్టాఫీసులో చెప్పారు. ఇది చూడగానే హోటలు మార్చుకో. మార్చుకున్నాక ఎంతయినా తిట్టు.

జీవరత్నం.


బొబ్బిలి,
14 మార్చి 2025.

రత్నం,

క్షేమంగా చేరాం. నీ నాలుగో తారీకు ఉత్తరం మేం రైలెక్కిన మర్నాడు వచ్చిందట. మేరీరాణి అల్మారా మీద పెట్టి మరిచిపోయింది. నిన్ననే నా చేతికొచ్చింది.

కలకత్తాలో నాలుగు రోజులూ నువ్వు అలా ఎందుకున్నావో ఇప్పుడర్థమైంది. హౌరాలో నన్ను చూసి తలదించుకున్నావు. తరుఛాయ మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని ప్రతి మలుపులోనూ “అప్పా, కూకో, కాసేపు కూకో” అని నా చెవిలో అరుస్తూ ఏడుపు మొహం పెట్టావు. “ఏటిరా, ఎక్కేది నేనయితే ఆయాసం నీకేటి” అన్నాను గుర్తుందా. నేను ఉత్తరం చదివి, నోరు మూసుకుని నిన్ను శిక్షిస్తున్నాననుకున్నావు కదూ. నాకేమీ తెలియదు. నేను వేరే దిగులులో ఉన్నాను.

ఆ తెలుగు నీదని మొదటిరోజే గుర్తుపట్టాను. అది అబద్ధమని మాత్రం తోచలేదు. మరదలు గ్రేస్‌మణి పోయిన రెండు నెలలకి, అంటే 2023 జనవరిలో, నువ్వు నాకు రాసిన ఉత్తరం నా బైబిల్లో ఉంది. “రాబిన్ నాకు తూర్పు కిటికీ గది ఇచ్చాడు. పొద్దున్నే ఎండ మెల్లగా వచ్చి మంచం కాళ్ళ దగ్గర ఆగుతుంది. బయట తురాయి చెట్టు. తలుపు తట్టి లేపేవారుండరు.” జూలీ రాసిచ్చిన కాగితం దాని పక్కన పెట్టి చూశాను. అవే మాటలు. కొడుకూ కోడలూ నిన్ను బయటికి పంపేశారు, నువ్వు లాడ్జిలో కాలం గడుపుతూ ఆ గదినే ఇల్లని నాకు రాస్తున్నావు అనుకున్నాను. నన్ను తరుఛాయకి రావద్దన్నకొద్దీ ఆ అనుమానం గట్టిపడింది. అందుకే అక్కడే దిగుతానని పట్టుబట్టాను, నీ సంగతి నా కళ్ళతో చూడాలని. నెలరోజులు ప్రార్థనలో రాబిన్‌నీ భానునీ ఎన్ని మాటలన్నానో దేవుడికే తెలుసు. ఆదివారం ఆ పిల్ల నా ముందు నేలమీద కూర్చుని మోకాలికి నూనె రాసింది. ఆ సిగ్గు ఎక్కడ పెట్టుకోను.

శనివారం నువ్వు దిగబెట్టి వెళ్ళాక, మా తమ్ముడుండే గది ఏదని ఆ మేనేజరుని జూలీ చేత అడిగించాను. జవాబు కాగితం మీద రాసిచ్చింది: “తాతయ్య ఇంతకుముందెప్పుడూ పైకి రాలేదట. క్రిస్మస్‌కి కింద హాల్లో భోంచేశారట.” తూర్పు కిటికీ ఏదని అడిగితే అక్కడ పక్క మేడ గోడ చూపించాడు. చెట్టు లేదు. సరే, ఇక్కడ లేడు, కొడుకింట్లోనే ఉన్నాడన్నమాట అని ఎంత తేలికపడ్డానో. మర్నాడు మీ ఇంటికి వచ్చాం. చేతులు కడుక్కునే వంకతో ఇల్లంతా చూశాను. ఒక గది రాబిన్ వాళ్ళది. ఒకటి రాబిన్ కూతురిది, అందులో ఒంటి మంచం. హాల్లో దివాను, దాని వెనక మడిచి దోపిన దుప్పటి, టీవీ కింద నీ బైబిలు, నీ కళ్ళజోడు డబ్బా.

అప్పుడు అడగలేదు. భోజనానికి పిలిచిన ఇంట్లో అందరి ముందూ ఏమని అడగను. ఇప్పుడు అడుగుతున్నాను. నువ్వు ఒప్పుకున్నది సగమే. లాడ్జి గది సంగతి రాశావు. నీ గది సంగతి రాయలేదు.

మోకాలు వాచింది. మేరీరాణి కట్టు కట్టింది.

మీ అప్ప,
డోర్కాస్.


సాల్ట్ లేక్,
21 మార్చి 2025.

అప్పా,

నాకు గది లేదు. ఏనాడూ లేదు.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. రాబిన్ తన పడకగది ఇచ్చేస్తానన్నాడు, నేనే వద్దన్నాను. పడుచువాళ్ళు హాల్లో పడుకుంటే నాకు గదిలో నిద్ర పడుతుందా. రోజూ ఆరింటికల్లా పక్క మడిచేసి స్నానం ముగించుకుంటాను. భాను టీ పెట్టడానికి లేచేసరికి, అప్పుడే ఎవరింటికో చూడటానికి వచ్చిన మనిషిలా కూర్చుని ఉంటాను. అలవాటైపోయింది.

గ్రేస్ పోయాక ఆ హౌరా అద్దె ఇంట్లో ఉండలేక, కొన్నాళ్ళు నీ దగ్గరికి వచ్చి ఉంటానని నీకు రాశాను. మేరీరాణి వాళ్ళు వచ్చేశారు, ఇంట్లో చోటు లేదని నువ్వు జవాబు రాశావు. అప్పా, నీ చేతిరాత నేను ఎప్పుడూ అలా చూడలేదు. అక్షరాలన్నీ వంకరపోయి ఉన్నాయి. చోటు లేదనడానికి నువ్వెంత ఏడ్చి ఉంటావో ఆ కాగితం మీద కనిపించింది. నావల్ల నీకు ఆ బాధ ఉండకూడదనుకున్నాను. ఊరికే గది దొరికిందంటే నువ్వు నమ్మవు. అందుకని దానికి కిటికీ పెట్టాను, ఎండ పెట్టాను, చెట్టు పెట్టాను. రాశాక అది నాకే నచ్చింది. పొద్దున్నే పక్క మడిచేటప్పుడు ఆ గదిలోనే ఉన్నాననుకునేవాణ్ణి. క్రిస్మస్ రోజు ఒక మంచి గది గురించి రాయమని ఫోను చేతిలో పెడితే, నాకు తెలిసిన మంచి గది అదొక్కటే.

దాని ఫలం నీ మోకాలు అనుభవిస్తోంది. నీ కట్టు మాట చదివి రెండు రోజులు అన్నం సహించలేదు.

పాతది చెరపలేకపోయాను గాని, నిన్న రాబిన్ పక్కన కూర్చుని కొత్తది రాశాను. “ఇదే చోట తెలుగులో ఇంతకుముందు ఉన్నది అబద్ధం. రాసినది నేనే. నేనిక్కడ దిగలేదు, మా అప్ప దిగింది. గదులు రెండో అంతస్తులో ఉన్నాయి. మెట్లు నలభై రెండు, లిఫ్టు లేదు. తూర్పున గోడ. పక్క శుభ్రం, టీ బాగుంటుంది.” కింద పేరు పెట్టాను. ఆశిష్ బాబుని కలిసి నేనే చెప్పాను. మంచివాడు, కోప్పడలేదు. వచ్చే క్రిస్మస్‌కి మాత్రం హాలు అడగవద్దన్నాడు. సంఘంవాళ్ళకి ఆ మాట నేనింకా చెప్పలేదు. ఆదివారం నిలబడి చెప్పాలి.

నన్ను క్షమించు. చోటుంటే నువ్వు రమ్మనేదానివని నాకు తెలుసు. ఆ ఒక్క సంగతిలో నాకెప్పుడూ అనుమానం లేదు.

జీవరత్నం.


బొబ్బిలి,
2 ఏప్రిల్ 2025.

రత్నం,

జూలీకి సీటు వచ్చింది. జూన్‌లో చేరాలి, హాస్టలు కూడా ఇస్తారట. మీ సంఘం ప్రార్థన ఫలించింది, పందొమ్మిది మందే అయినా.

నీ ఉత్తరం చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. నాలుగు రోజులు దాన్ని బైబిల్లో పెట్టడానికి కూడా చెయ్యి రాలేదు.

2022 డిసెంబరులో మా ఇంట్లో చోటుంది. మేరీరాణి వాళ్ళు వచ్చింది ఆ తర్వాత మే నెలలో. నువ్వు రాసిన రోజున ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. వీధివైపు గది ఊడ్చి, తాళం వేసి ఉంది.

మీ బావకి ఎనిమిదేళ్ళు చాకిరీ చేశాను. ఆయన పోయాక తొమ్మిది నెలలు నా ఇష్టమొచ్చినప్పుడు లేచి, నా ఒక్కదానికే టీ పెట్టుకుని తాగాను. నీ ఉత్తరం చదవగానే నాకు నువ్వు కనిపించలేదు రత్నం. మళ్ళీ వేళకి అన్నం పెట్టవలసిన ఇంకొక ముసలివాడు కనిపించాడు. వెంటనే జవాబు రాసి, ఆ పూటే పోస్టులో వేసి వచ్చాను. నెలరోజుల కిందట భార్యని సమాధి చేసినవాడు అడిగాడన్న సంగతి ఇంటికొచ్చి కూర్చున్నాక తట్టింది. నా అక్షరాలు వంకరపోయింది ఏడ్చి కాదు. అబద్ధం రాయడం అలవాటు లేక.

నీ తూర్పు కిటికీ ఉత్తరం వచ్చినప్పుడు ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నానో తెలుసా. అందుకే బైబిల్లో దాచుకున్నాను. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాను. లాడ్జి పేరుతో నిన్ను నిలదీయడానికి అంతదూరం వచ్చాను, నీ కొడుకునీ కోడల్నీ తిట్టుకున్నాను. నీకు గది లేకుండా చేసింది మాత్రం నేను. నువ్వు నా బాధ తీర్చడానికి అబద్ధమాడావు. నేను నా సుఖం కోసం ఆడాను. రెండూ ఒకటి కావు. క్షమించమని అడగడానికి మొహం చెల్లడం లేదు, అయినా అడుగుతున్నాను.

జూన్‌లో జూలీ గది ఖాళీ అవుతుంది. అదే గది, వీధివైపుది. అందంగా రాయడం నీకు వచ్చినట్టు నాకు రాదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. గది చిన్నది. కిటికీ పడమటికి ఉంది, మధ్యాహ్నం వేడి కొడుతుంది. బయట చెట్టు లేదు, పక్కింటివాళ్ళ నీళ్ళ మోటారు ఉంది. తెల్లారకుండానే మోగుతుందట. నాకు వినపడదు, నీకు వినపడుతుంది. మంచం ఎడమ పక్కకి తిరిగితే కిర్రుమంటుందని జూలీ చెప్పింది. ఫ్యాను మూడు మీద పెడితేనే తిరుగుతుంది. ఏడింటికి నేను తలుపు తట్టి లేపుతాను, చాలా గట్టిగా తడతాను, ఎంత గట్టిగానో నాకు తెలియదు. టీ నువ్వే పెట్టుకోవాలి, నాక్కూడా. మెట్లు లేవు.

బలవంతం లేదు. వస్తే మాత్రం కొన్నాళ్ళు ఉండి చూసి, అప్పుడు రాయి.

మీ అప్ప,
డోర్కాస్.